ముక్కు చూసి పేరు పెట్టొద్దు

ఎడిన్‌బరోలో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో పాత వస్తువుల దుకాణం ఒకటుంది. పోయిన చలికాలం అక్కడ అరచేతిలో ఇమిడే బిళ్ల ఒకటి కంటబడింది. కోడిగుడ్డు ఆకారం, మీగడ రంగు గాజు, దాని మీద పక్కకు తిరిగి ఉన్న ఓ పెద్దమనిషి ముఖం. వీటిని మెడాలియన్లంటారు. కెమెరా లేని కాలంలో కలిగినవాళ్లు తమ రూపాన్ని ఇలా పోత పోయించుకునేవారు. కింద చీటీ మీద ‘డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్’ అని, అంటే వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన సేనాని పేరు రాసి ఉంది. ఆధారమేమిటని అడిగితే, దుకాణం ఆవిడ వెల్లింగ్టన్‌కు పేరు తెచ్చిన లాంటి కొక్కెం ముక్కును వేలితో చూపించింది.

ఏలూరులో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి. ఆ జవాబు విని ఊరుకోలేకపోయాను.

ఆవిడ అనుమతితో బిళ్లను చేతిలోకి తీసుకుని ఫోన్ లైటు పక్కవాటుగా వేశాను. ఎదురు వెలుతురులో కనిపించనివి ఏటవాలు వెలుతురులో లేచి నిలబడతాయి. భుజం దగ్గర బొమ్మ తెగే చోట సన్నటి అక్షరాలున్నాయి. పేరు అరిగిపోయింది. 1803 అన్న అంకెలు మాత్రం మిగిలాయి.

ఈ పనికి పేరు తెచ్చినవాడు గ్లాస్గో పక్కన పుట్టిన జేమ్స్ టాసీ. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మైనంతో ముఖం దిద్దేవాడు. దానికి ప్లాస్టర్ అచ్చు తీసి, అచ్చులో గాజు ముద్దను ఒత్తేవాడు. అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ ముఖం మనకు తెలిసింది ప్రధానంగా టాసీ 1787లో చేసిన బిళ్ల వల్లే. 2007లో వచ్చిన 20 పౌండ్ల నోటు మీదికెక్కింది ఆ రూపమే. అది స్మిత్‌దేనని ఇంత ధీమాగా చెప్పగలగడానికి కారణం ముక్కు కాదు. పేరు, వయసు, ఏడాది ఆ బిళ్లలో భుజం తెగే అంచు మీదే ఉన్నాయి.

మన బిళ్ల సంగతికొస్తే, అందులో ఉన్నాయనకు అరవై ఏళ్లుంటాయి. గడ్డం కింద కండ జారింది. విగ్గు లేదు, సొంత జుట్టే, పొట్టిగా కత్తిరించుకున్నాడు. 1795లో జుట్టు పౌడరు మీద ఏడాదికో గినీ పన్ను వేశాక ఆ అలంకరణ తగ్గిపోయింది కాబట్టి 1803కి ఇది సరిపోతుంది. వెల్లింగ్టన్‌కు మాత్రం ఏదీ సరిపోదు. ఆయన 1769లో పుట్టాడు, అప్పటికి ముప్పై నాలుగేళ్లు. డ్యూక్ అయింది 1814లో. పైగా 1803లో ఆయన బ్రిటన్‌లోనే లేడు. ఆర్థర్ వెల్లెస్లీ పేరుతో మన దక్కన్‌లో ఉన్నాడు. ఆ సెప్టెంబరు 23న అస్సయేలో మరాఠా సైన్యంతో తలపడ్డాడు. లండన్‌లోనో ఎడిన్‌బరోలోనో శిల్పి ముందు ఎలా కూర్చుంటాడు?

1803 అనగానే నా మనసు ఏలూరుకు పోయింది. దక్షిణ భారతాన్ని సర్వే చేసిన కాలిన్ మెకంజీ దొరకు కుడిభుజంగా నిలిచి, శాసనాలు చదివి, కైఫీయత్తుల (ఊళ్ల చరిత్రల) సేకరణకు దారి వేసిన మా ఊరి కావలి వెంకట బొర్రయ్య చిన్న వయసులోనే కన్నుమూసిన ఏడాది అది. థామస్ హికీ వేసిన మెకంజీ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీది. ఎర్ర కోటు తొడుక్కున్న మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులుంటారు. ఒకరి చేతిలో తాటాకులు, ఇంకొకరి చేతిలో దుర్భిణి. మా ఊళ్లో ఒక సభకు కట్టిన బ్యానర్ మీద అందులో ఒక ముఖాన్ని కత్తిరించి బొర్రయ్య అని వేశారు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. మనవాడి ముఖం చూడాలని ఎవరికుండదు? కానీ హికీ ఆ చిత్రం వేసింది 1816లో. అప్పటికి బొర్రయ్య పోయి పదమూడేళ్లు. పరిశోధకులు అందులో గుర్తించింది బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్యను, తాటాకులు పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్యను, దుర్భిణి పట్టిన కిష్టనాజీని. అక్కడ బొర్రయ్య పేరు రాస్తే, ఉన్న మనిషిని తుడిచేసినట్టే. అరవై ఏళ్ల ఆ పెద్దాయనకూ దుకాణం చీటీ చేసిన అన్యాయం ఇదే. ఒకసారి వెల్లింగ్టన్ అని రాశాక ఆయన అసలు పేరు కోసం ఇక ఎవరూ వెతకరు.

‘గుర్తు తెలియని వ్యక్తి, 1803’ అని రాయడం చిన్నతనం కాదు. రేపు వెతికేవాడికి అది తెరిచిన తలుపు. మ్యూజియాలు, పాఠ్యపుస్తకాలు, సభలు జరిపేవాళ్లు బొమ్మ కింద పేరుతో పాటు ఆ పేరు ఎలా తెలిసిందో ఒక్క ముక్క రాయాలి. ఆధారం లేకపోతే పేరు తీసేయాలి.

బొర్రయ్యను చూడాలనుకునేవాళ్లు ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ పత్రిక తొమ్మిదో సంపుటం తెరవండి. జైనుల మీద వ్యాసం మొదట్లోనే, అనువాదకుడిగా ఆయన పేరు అచ్చులో ఉంది.