జింకకు అందించే అరటిపండు, భరతుని మమకారం

హైదరాబాదు ఉత్తరపు అంచున మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి నాగపూర్ వైపు, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు సాగిపోతాయి. ఆ రెంటినీ అవుటర్ రింగు రోడ్డు కలుపుతుంది. అహోరాత్రములూ ఆగని ఈ వాహనఘోష నడుమ కండ్లకోయ అడవి, శామీర్‌పేట చెరువు, దాని చేరువన జవహర్ జింకల పార్కు ఇంకా నిలిచి ఉన్నాయి. కార్తికమాసం రాగానే ఉసిరి నీడలో వనభోజనం కోరి భక్తజనం ఈ దిక్కుగా బయలుదేరుతుంది.

ఇది సహ్యాద్రి వర్షారణ్యం కాదు. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో అధికభాగం నాలుగు నెలలలోనే. కనుక ఇక్కడి వృక్షజాతులలో అనేకం ఎండలు ముదిరేలోగా పత్రత్యాగం చేస్తాయి. అది చూసి "అడవి ఎండిపోయింది" అని నిట్టూర్చేవారు ఉన్నారు. పచ్చదనమే అడవి అనుకోవడం కూడా ఒక కామనయే.

అంతకన్న ఆలోచింపదగినది జింకల కంచె వద్ద కనిపించే భూతదయ. అరటిపండు, బిస్కట్టు, మిగిలిన పులిహోర చాచిన చేతులు అనేకం. ప్రాణికి అన్నం పెట్టడం భూతయజ్ఞమే కదా, దోషమెక్కడ అని ప్రశ్న. గృహస్థు భూతబలి తన ఇంటి ముంగిట, తన వంటలోని భాగంతో జరుగుతుంది. పొడల జింక ఆ గృహస్థుని ఆశ్రయించిన ప్రాణి కాదు. నెమరువేసే ఆ జంతువు ఉదరంలో ఆకును, గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. పిండివంటలు, తీపి పదార్థాలు అధికంగా చేరితే అక్కడ ఆమ్లం పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. సంచీతో సహా మింగితే చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా జంతుప్రదర్శనశాలలలో సందర్శకులు మృగాలకు ఆహారం పెట్టడాన్ని నిషేధిస్తున్నది.

ఈ సందర్భంలో భాగవత పంచమస్కంధంలోని భరతుడు స్మరణీయుడు. సింహగర్జనకు బెదరి నదిని లంఘించిన నిండుచూలాలి గర్భం జారి, పిల్ల ప్రవాహంలో పడింది. రాజ్యం విడిచి వచ్చిన ఆ తపస్వి దానిని ఉద్ధరించాడు. అందులో లేశమైనా దోషం లేదు. గాయపడిన జింకను చూసి అటవీ సిబ్బందిని పిలిచేవాడు ఈనాటికీ ఆ దయనే పాటిస్తున్నాడు. పతనం తరువాత మొదలైంది: "ఇది నాది, నేను లేనిదే దీనికి గతి లేదు" అన్న భావన. జపం తగ్గింది, అంత్యకాలంలో చిత్తం మృగంపై నిలిచింది, మరుజన్మలో మృగదేహమే లభించింది.

కంచె సందులోంచి చాచిన చేతిలో ఉన్నది దయయా, మమకారమా? జింక దగ్గరకు రావాలి, తన చేతినుండే తినాలి, ఆ దృశ్యం ఫోనులో నిలవాలి అన్న కోరిక కరుణ వేషం ధరించిన భోగమే. సాధకునికి ఇది సులభంగా దొరికే ఆత్మపరీక్ష. చేయి వెనక్కు తీసుకొని పది నిమిషాలు మౌనంగా నిలబడితే మనసు ఏమి కోరుతున్నదో దానంతట అదే బయటపడుతుంది. మైకు లేని వనభోజనం, తెచ్చిన విస్తరాకులు తిరిగి తీసుకుపోయే నియమం కూడా ఇందులోనివే.

ఫాల్గుణంలో ఇటు వచ్చేవారు తక్కువ. ఆకులన్నీ రాల్చిన మోదుగ అప్పుడే అగ్నివర్ణంతో పూస్తుంది. ఉపనయనంలో వటువు పట్టే పలాశదండం ఈ చెట్టుదే. జింకగా పుట్టిన భరతుడు పూర్వస్మృతి చెడక, సంగానికి భయపడి, ఎండుటాకులు మేస్తూ ఒంటరిగా కాలం గడిపాడని పురాణం చెబుతుంది. ఆ మాసంలో శామీర్‌పేట నేలపై ఎండుటాకులకు కొదవ ఉండదు.