సీట్లు సున్నా అయితే పార్టీ సున్నానా?

మొన్న నాయుడుపేట పక్కన ఒక పల్లెలో కూలోళ్ళ మీటింగు పెట్టినాం. పొద్దుగూకినాక, పన్లోంచి వచ్చి కాళ్ళు కడుక్కోని, వేపచెట్టు కింద ఓ నలభై మంది దాకా కూర్చున్నారు. నాట్ల కూలి రేటు మాట్లాడుకున్నాం. కాలనీ కుళాయి సంగతి మాట్లాడుకున్నాం. అన్నీ అయినాక ఒక పెద్దామె లేచి అడిగింది: "అంతా బాగానే ఉండాది నాయనా. మా కోసం తిరిగేది మీరే, కాదనం. కానీ అసెంబ్లీలో మీకు ఒక్క సీటన్నా లేదే! మీకేసిన ఓటు స్వర్ణముఖి ఇసకలో పోసిన చెంబుడు నీళ్ళు కాదా?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. కానీ ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఈ ప్రశ్న ప్రతి వాడలోనూ ఉండాది. కొందరు పైకి అడుగుతారు, కొందరు పోలింగు రోజున చేత్తోనే జవాబు చెప్తారు. కాబట్టి కార్యకర్తలు దీనికి కోపం తెచ్చుకోకుండా, లెక్కలు దాచుకోకుండా, నిజం చెప్పాల.

ముందు మన చేదు నిజం మనమే ఒప్పుకుందాం. 2014లో రాష్ట్రం రెండు ముక్కలయినప్పుడు ఇటు ఆంధ్రప్రదేశ్‌కు మిగిలిన 175 అసెంబ్లీ స్థానాల్లో కమ్యూనిస్టు పార్టీలకు ఒక్కటీ రాలేదు. 2019లో జనసేనతో, బి.ఎస్.పి.తో కలిసి నిలబడినాం, రాలేదు. 2024లో కాంగ్రెసుతో కలిసినాం, రాలేదు. మూడు ఎన్నికలు, మూడు సున్నాలు. ఈ సంగతి పత్రికలో రాసుకోడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. దాచిపెడితేనే సిగ్గు.

అయితే సీట్ల లెక్క ఒక్కటే పట్టుకుంటే చరిత్ర అర్థం కాదు. ఒకటి రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి.

1955లో ఆంధ్ర రాష్ట్రం మధ్యంతర ఎన్నికలు. అంతకు ముందు 1952లో మద్రాసు అసెంబ్లీకి ఆంధ్ర ప్రాంతం నుంచి 41 మంది కమ్యూనిస్టులు గెలిచి ఉన్నారు. 1955లో తక్కిన పార్టీల్లో కొన్ని ఒక్క తాటి మీదికొచ్చినాయి. కమ్యూనిస్టు పార్టీకి వందకు 31 ఓట్లు దాకా పడినాయి. ఓటేసినోళ్ళలో ముగ్గురిలో ఒకరు ఎర్రజెండాకు వేసినట్టే. సీట్లు ఎన్ని వచ్చినాయి? 196లో 15.

ఇప్పుడు 1994 చూడండి. తెలుగుదేశంతో పొత్తు. రెండు కమ్యూనిస్టు పార్టీలకూ కలిపి వందకు ఆరు ఓట్లు. సీట్లేమో సి.పి.ఐ.కి 19, సి.పి.యం.కి 15, మొత్తం 34!

ముగ్గురిలో ఒకరు ఓటేసిన రోజు 15 సీట్లు. వందలో ఆరుగురు ఓటేసిన రోజు 34 సీట్లు. దీన్నిబట్టి 1994లో మన బలం 1955 కంటే రెండింతలు పెరిగిందని ఎవరన్నా అంటే నమ్ముతామా? బలం తగ్గింది, సీట్లు పెరిగినాయి. ఎందుకంటే ఆ సీట్లు పొత్తు సీట్లు. పొత్తు సీటు కౌలుమడి లాంటిది. ఈ ఏడు పంట మనింటికొస్తుంది, బాగానే ఉంటుంది. పట్టా మాత్రం మనది కాదు. ఆసామికి బుద్ధి పుట్టినప్పుడు "వచ్చే ఏడు నువ్వు రావద్దు" అంటాడు. గట్టు మీద నిలబడి చూడ్డం తప్ప చేసేదేముంది? 1999లో అదే జరిగింది. తెలుగుదేశం బి.జె.పి. వైపు పోయింది. వామపక్షాలు విడిగా నిలబడినాయి. సి.పి.యం.కి 2 వచ్చినాయి, సి.పి.ఐ.కి సున్నా. 34 నుంచి రెండుకు!

ఇక్కడే అసలు పాఠం ఉంది. అసెంబ్లీలో ఆ రెండు సీట్లు ఉన్నప్పుడే, 2000 సంవత్సరంలో, కరెంటు చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా కదిలింది. ప్రపంచ బ్యాంకు చెప్పిన సంస్కరణల పేరుతో పెంచిన భారం అది. వామపక్షాలు, కాంగ్రెసు, ప్రజాసంఘాలు రోడ్డెక్కినాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపినారు. రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి ప్రాణాలిచ్చినారు. ఆ తర్వాత 2004లో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి మే 14న ప్రమాణం చేసి మొదటి సంతకం పెట్టింది రైతుల ఉచిత కరెంటు ఫైలు మీదే. ఆ సంతకం కాంగ్రెసు ముఖ్యమంత్రిది, ఆ మేలు ఖాతాలో వేసుకున్నది కాంగ్రెసు పార్టీ. కానీ ఆ సంతకానికి సిరా ఎక్కడిది? బషీర్‌బాగ్ రోడ్డు మీదిది కాదా?

34 మంది ఎమ్మెల్యేలు ఉన్న కాలంలో మనం ఏం చేసినామో కూడా నిజాయితీగా తూచుకోవాల. మన నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడోళ్ళు మొదలుపెట్టిన సారా పోరాటం 1992లో వేలంపాటలనే ఆపింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. కూలోళ్ళ ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేసినారు. ఎత్తేసింది ఎవరు? మనం పొత్తు పెట్టుకోని గెలిపించిన పార్టీ ప్రభుత్వమే. మనం అభ్యంతరం చెప్పినాం, నిజమే. కానీ పక్కన కూర్చున్నోడి అభ్యంతరం కంటే ఎదురుగా నిలబడినోడి అభ్యంతరమే గట్టిగా వినపడుతుందని అప్పుడు తెలిసొచ్చింది.

ఇట్లా అన్నామని, పొత్తులే పాపం, అసెంబ్లీయే దండగ అని తీర్మానం చేసుకోవడం కూడా తప్పే. అది చేతగానోడు చెప్పే మాట. చిన్న పార్టీ సరైన చోట నిలబడితే రాష్ట్ర రాజకీయాన్ని మలుపు తిప్పగలదు. 1984 ఆగస్టు 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు అక్రమంగా తీసేసినప్పుడు వామపక్షాలు సీట్ల లెక్క చూసుకోలేదు. ప్రజాస్వామ్యం కోసం ఊరూరా జనాన్ని కదిలించినాయి. నెల తిరక్కుండానే కేంద్రం తల వంచింది. సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయినాడు.

ఇంకా పెద్ద రుజువు ఉపాధి హామీ. 2004లో పార్లమెంటుకు సి.పి.యం. నుంచి 43 మంది, సి.పి.ఐ. నుంచి 10 మంది, మొత్తం 53 మంది గెలిచినారు. ఢిల్లీ సర్కారు వాళ్ళ మద్దతు మీద ఆధారపడి నడిచింది. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న దాన్ని మొదలుపెట్టింది కూడా మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. కుటుంబానికి 100 రోజులు పని, అడిగితే ఇవ్వాల, ఇవ్వకపోతే భృతి కట్టాల. కూలోడి చేతికి చట్టం అనే కర్ర దొరికింది. గడ్డపార పట్టుకోని చెరువు పనికి పోయే దారి ఒకటి ఉంది కాబట్టి, నాట్ల కాలంలో ఆసామి దగ్గర "ఈ రేటయితేనే వస్తాం" అని నిలబడి అడగగలిగినాం. ఇది మన అనుభవం, ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి ఇప్పుడో? 2024లో పార్లమెంటుకు సి.పి.యం. నుంచి నలుగురు, సి.పి.ఐ. నుంచి ఇద్దరు, మొత్తం ఆరుగురు. 2025 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసేసి వేరే చట్టం పాస్ చేసినారు. 125 రోజులు ఇస్తామని పైన రాసినారు. కింద రాసింది చదవండి: ఖర్చులో 40 వంతులు రాష్ట్రమే పెట్టుకోవాలంట. విత్తనాలు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపాలంట. ఎవరి కోసం ఈ ఆపుడు? సరిగ్గా కూలి రేటు పెరగాల్సిన రోజుల్లోనే మనకు రెండో దారి మూసేస్తే, "ఇచ్చింది తీసుకో" అని ఆసామి అనడా? 53 మంది ఉన్న రోజున వచ్చిన చట్టం, ఆరుగురు ఉన్న రోజున పోయింది. పెద్దామె అడిగిన ప్రశ్నకు ఇది సగం జవాబు. ఓటు ఇసకలో నీళ్ళు కాదమ్మా. ఆ ఓట్లు తగ్గినప్పుడు ఏం పోయిందో ఇప్పుడు మన చేతికే తెలుస్తా ఉండాది.

రాష్ట్రంలోనూ అంతే. పేదలకిచ్చిన అసైన్డు భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం వచ్చింది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. హక్కు ఇస్తున్నామన్నారు. అప్పుల్లో ఉన్న పేదోడికి అమ్ముకునే హక్కంటే, పెద్దోడికి కొనుక్కునే హక్కే కదా! మన చుట్టూ మేనకూరు సెజ్ ఉంది, తడ దగ్గర శ్రీసిటీ ఉంది, హైవే ఉంది. ఎకరా ధర చూసి పెద్దోళ్ళ కళ్ళు ఎక్కడ పడతాయో మనకు తెలవదా? సి.జె.ఎఫ్.ఎస్. భూముల్లో సాగు చేసుకుంటున్న దళితులకూ, యానాదులకూ ఆ భయం రోజూ ఉండాది. ఆ సవరణ వచ్చిన నాడు అసెంబ్లీలో లేచి "ఇది పేదోడి పట్టాకు ఎసరు" అని చెప్పేదానికి ఎర్రజెండా మనిషి ఒక్కడు లేడు.

ఇంకో చిన్న పార్టీని కూడా చూద్దాం. జనసేనకు 2019లో ఒక్క సీటు. 2024లో పొత్తులో 21కి నిలబడి 21 గెలిచింది. ప్రభుత్వంలో కుర్చీ దొరికింది. చిన్న పార్టీ అంటే ఇట్లా ఉండాలని మనోళ్ళలో కూడా కొందరు అంటున్నారు. గెలుపును తక్కువ చెయ్యబల్లేదు. కానీ కూలోడు అడగాల్సింది వేరు. వచ్చిన బలం ఎవరి పనికి ఖర్చవుతా ఉంది? నాట్ల రేటుకా, ఇంటి జాగాకా, సెజ్ జాగాకా? ఏ పార్టీనైనా ఈ కొలతతోనే కొలవండి. మనల్నీ దీంతోనే కొలవండి.

ఈ కొలతకు నిలబడాలంటే మనం చెయ్యాల్సిందేంది? మన జిల్లా బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్యగారు అలగానిపాడులో కూలోళ్ళను కూడగట్టింది 1930ల్లో. అప్పుడు ఏ అసెంబ్లీ సీటూ ఆయన చేతిలో లేదు. ముందు వాడలోకి పోయినాడు, తర్వాతే చట్టసభలోకి పోయినాడు. ఈ కోస్తాలోనే అల్లూరు నుంచి 1985లో, 1994లో జక్కా వెంకయ్యగారు ఎమ్మెల్యేగా గెలిచినారు. పొత్తు తోడయింది, కానీ పొత్తుకు ముందే అక్కడ సంఘం ఉంది. సంఘం లేనిచోట పొత్తు కూడా గెలిపించదని 2019, 2024 చెప్పినాయి.

వరస తప్పింది మనమే. ఎన్నికలొచ్చినప్పుడు పొత్తు వెతుకుతాం, ఎన్నికలయినాక వాడ వెతుకుతాం. వరస సరిచేసుకుందాం. ప్రతి పల్లెలో సంఘం సభ్యత్వం రాయాల. నాట్లకు ముందే కూలి రేటు తీర్మానం చెయ్యాల. ఉపాధి పని అడిగినోళ్ళందరి చేతా కాగితం మీద అర్జీ పెట్టించి రసీదు తీసుకోవాల. అసైన్డు పట్టాల లిస్టు వాడల వారీగా మన దగ్గర ఉండాల; ఏ సర్వే నెంబరు చేతులు మారుతుందో ముందు మనకు తెలవాల. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడొచ్చినా వార్డుకు మన మనిషి నిలబడాల. వార్డు గెలవలేనోడు అసెంబ్లీ గురించి మాట్లాడ్డం, దుక్కి దున్నకుండా పుట్లు లెక్కపెట్టడమే.

ఆ రాత్రి పెద్దామెకు ఇదంతా చెప్పలేదు. ఒక్క మాటే చెప్పినాను: "అమ్మా, సీటు లేదు నిజమే. నువ్వు కూలి రేటు అడిగిన రోజున నీ పక్కన ఎవరు నిలబడతారో చూసి ఓటెయ్యి." ఆమె కాసేపు ఆలోచించి, "సరే, రేపు రేటు అడిగేదానికి ఎన్ని గంటలకు రమ్మంటావు?" అంది.

మేం పొద్దున ఆరింటికి పొయ్యాం. ఆమె మాకంటే ముందే గట్టు మీద ఉండాది, ఇంకో పదకొండు మందిని వెంటబెట్టుకోని.