సర్వరు మనది, సినిమా మనది కాదు

టోరెంటు అనగానే మన హాస్టళ్లలో మొదట వినపడే మాట "కొత్త సినిమా దిగిందా?" అని. మేమూ అందుకు మినహాయింపు కాదు. స్టడీ అవర్ అయ్యాక ఒకే ఫోను చుట్టూ ఏడెనిమిది తలలు పెట్టి చూసినవాళ్లమే. కాబట్టి పీజీకి వెళ్లగానే నీతులు చెప్పడానికి వచ్చారని అనుకోకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. తప్పు చేసి, దెబ్బ తిని, ఆ తర్వాత రాస్తున్నాం.

మేం ఆరుగురం. తెనాలి, బాపట్ల, రేపల్లె సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఇద్దరేసి చొప్పున చదువుకున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. పీజీ అంటే ఏమిటో అమ్మానాన్నలకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోతున్నాం. "ఇంకా ఎన్నాళ్లురా?" అని మాత్రం ప్రతి పండక్కీ అడుగుతారు. అలాంటి మేం రెండేళ్ల కిందట విదేశంలో ఎక్కడో ఉన్న ఒక చిన్న సర్వరును అద్దెకు తీసుకున్నాం. నెలకు 480 రూపాయలు, తలకు 80. ఒక జీబీ ర్యామ్, 40 జీబీ డిస్కు. ఇంట్లో చెబితే "కనపడని కంప్యూటరుకి అద్దె కట్టడమేమిటి" అన్నారు. వాళ్లు అడిగినదాంట్లో తప్పేం లేదు.

అవసరం ఎక్కడ మొదలైందో చెప్పాలి. కాలేజీ ప్రాజెక్టుకి లినక్స్ కావాల్సి వచ్చింది. డెబియన్ డీవీడీ ఫైలు దగ్గర దగ్గర 4 జీబీ. మా ఫోన్లలో రోజుకి 1.5 జీబీ డేటా. బ్రౌజరులో పెడితే మూడోరోజు సగంలో తెగిపోయింది, మళ్లీ మొదటినుంచి. మా గదిలో నలుగురికీ అదే ఫైలు కావాలి, నలుగురం వేరువేరుగా అదే పాట్లు పడ్డాం.

టోరెంటు అనేది దొంగసరుకు పేరు కాదు, పంపిణీ పద్ధతి పేరు. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు తయారుచేశాడు. పెద్ద ఫైలును ముక్కలు చేస్తుంది. అందరూ ఒక్కచోటి మీదే పడకుండా, ముక్క అందినవాడు దాన్ని ఇంకొకడికి అందిస్తాడు. ప్రతి ముక్కకీ హ్యాష్ అని ఒక గుర్తు ఉంటుంది. గుర్తు సరిపోకపోతే ఆ ఒక్క ముక్కనే పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. కరెంటు పోయినా, డేటా అయిపోయినా వచ్చినంత వచ్చినట్టే. పూర్తిగా దిగాక కూడా ఫైలును తెరిచి ఉంచి ఇతరులకు ఇవ్వడాన్ని సీడింగ్ అంటారు. విత్తనపు వడ్లు అప్పు తెచ్చుకున్నవాడు పంట రాగానే తిరిగి కొలిచినట్టు. డెబియన్, లిబ్రెఆఫీస్ లాంటివాళ్లే తమ ఫైళ్లకి టోరెంటు ఇస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి ఇస్తోంది.

మరి ఫోనులోనో, లాప్‌టాప్‌లోనో పెట్టుకోక సర్వరెందుకు అని అడగొచ్చు. సర్వరు నుంచి మన దగ్గరికి తెచ్చుకోవడానికి డేటా ఎలాగూ ఖర్చవుతుంది కదా అని మాలోనే ఒకడు వారం రోజులు వాదించాడు. నిజమే. కానీ ఇవ్వడం సంగతి చూడండి. మొబైల్ నెట్టులో మనకు సొంత చిరునామా ఉండదు, ఎంతోమంది ఒకే చిరునామా వెనక ఉంటారు. బయటివాడు మన తలుపు తట్టలేడు. పైగా ఇచ్చే ప్రతి ముక్కా మన 1.5 జీబీలోంచే పోతుంది. సర్వరుకి సొంత చిరునామా ఉంది, రాత్రి పదింటికి లైట్లు ఆర్పేయాలన్న నియమం లేదు. అది పగలూ రాత్రీ తెస్తుంది, ఇస్తుంది. మేం నెలకోసారి, నెట్ బాగున్నచోట కూర్చుని, కావలసినవి మాత్రం ఆర్‌సింక్‌తో దింపుకుంటాం. అది కూడా తెగినచోటి నుంచే అందుకుంటుంది. ఒక్కసారి దింపితే మూడు హాస్టళ్లకీ పెన్‌డ్రైవులో పోతుంది.

నడపడం పెద్ద విద్యేం కాదు కానీ, చిన్నచిన్న గోతులున్నాయి. డెబియన్ మీద ట్రాన్స్‌మిషన్ డీమన్ వేశాం. దానికి సర్వరులో తెర అవసరం లేదు, వెనకాల నడుస్తూ ఉంటుంది. దాని సెట్టింగుల ఫైలు మార్చేముందు ప్రోగ్రామును ఆపాలి. లేకపోతే ఆగేటప్పుడు పాత సెట్టింగులనే మళ్లీ రాసేసుకుంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక మూడు రాత్రులు పోయాయి. దాన్ని బ్రౌజరులోంచి చూసుకునే పోర్టు 9091. దాన్ని లోకానికి తెరిచిపెట్టకండి, ఎస్ఎస్‌హెచ్ సొరంగంలోంచే వెళ్లండి. ఇచ్చినదానికీ తీసుకున్నదానికీ ఉన్న నిష్పత్తిని రేషియో అంటారు. మేం దాన్ని 2 దగ్గర పెట్టాం, అంటే తీసుకున్నదానికి రెట్టింపు ఇచ్చాకే ఆగుతుంది. డిస్కు నిండితే మాత్రం అన్నీ ఆగిపోతాయి, వారానికోసారి చూసుకోవాలి. ఇంకొకటి, పాత పెన్‌డ్రైవులు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. రేపల్లె దాకా వెళ్లాక ఆ సంగతి తెలిస్తే ఎంత చిరాకో మమ్మల్ని అడగండి.

అంతా బాగానే నడుస్తుండగా, ఐదో నెలలో మాలో ఒకరు సర్వరులో ఒక కొత్త సినిమా పెట్టారు. ఎవరో రాయం, అందరికీ తెలుసు. మిగతావాళ్లం వద్దన్నామా అంటే, లేదు. "ఎలాగూ ఉంది కదా, దింపేటప్పుడు అదీ తేరా" అన్నాం. టోరెంటులో దింపుకోవడమంటే అదే సమయంలో పంచడం కూడా. సర్వరు చిరునామా అందరికీ కనపడుతూనే ఉంటుంది. మూడోరోజు అద్దెకిచ్చినవాళ్ల దగ్గర్నుంచి హక్కుదారుల ఫిర్యాదు వచ్చిందని, 24 గంటల్లో జవాబివ్వమని మెయిలు వచ్చింది. ఆ మెయిలు మేం నాలుగు రోజుల తర్వాత చూశాం. అప్పటికి ఖాతా మూసేశారు. వాళ్లని తప్పుపట్టడానికేం లేదు.

సినిమా పోయినందుకు ఎవరూ ఏడవలేదు. దాంతోపాటు మా సీనియర్ల చేతిరాత నోట్సు పోయాయి. బాపట్ల హాస్టల్లో గ్రూప్స్‌కి చదివిన అన్నలు వదిలివెళ్లిన రిజిస్టర్లను ఒక్కొక్క పేజీ ఫోనుతో ఫొటో తీసి, పేర్లు పెట్టి, సర్దిన 2 జీబీ. ఇంకొక నకలు ఎక్కడా పెట్టుకోలేదు. అసలు రిజిస్టర్లు అప్పటికే చిత్తుకాగితాల్లో పోయాయి. రెండున్నర గంటల సినిమాకి ఆ అన్నల నాలుగేళ్లు పోయాయి. ఆ మాట వాళ్లకు ఫోను చేసి చెప్పింది మేమే.

కొత్త సర్వరు తీసుకున్నాక అసలు గొడవ మొదలైంది. ఈసారి సినిమా గురించి కాదు, జాషువా గారి గురించి. 'గబ్బిలం' స్కాను ఒకటి దొరికింది. మూడు హాస్టళ్లలోనూ అందరికీ కావాలి. "ఆయన మనవాడు. మన బాధే రాశాడు. మన పిల్లలకి మనం పంచుకోవడానికి ఎవరినడగాలి?" అన్నాడు బాపట్ల మిత్రుడు. ఆ మాటకి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. మనసు అతని వైపే ఉంది. చట్టం మాత్రం రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుందంటుంది. జాషువా గారు పోయింది 1971లో, అంటే 2031 చివరిదాకా. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు పోయింది 1980లో, 2040 చివరిదాకా. తెనాలిలోనే బతికిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 1943లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు యూనివర్సిటీ జిరాక్సుల కేసులో, చదువు చెప్పడానికి తీసే నకళ్లకు చట్టంలో చోటుందని చెప్పింది. కానీ తరగతిలో నకలు ఇవ్వడం వేరు, లోకమంతటికీ సీడ్ చేయడం వేరు.

చివరికి 'గబ్బిలం' పుస్తకాలు మూడు కొన్నాం, హాస్టలుకొకటి. సర్వరులో కవిరాజు రచనల స్కాన్లు, తెలుగు వికీపీడియా కివిక్స్ ఫైలు, లినక్స్ డిస్కులు ఉన్నాయి. బొమ్మలతో సహా ఇంగ్లీషు వికీపీడియా 100 జీబీ పైమాటే, మన డిస్కుకి అందదు. మాలో ఇద్దరికి జాషువా విషయంలో చేసిన నిర్ణయం ఇప్పటికీ నచ్చలేదు. మాకు మాత్రం ఒక సంగతి గట్టిగా అనిపిస్తోంది. "వెల్ఫేర్ హాస్టలు కుర్రాళ్లు కదా, ఇలాంటివే చేస్తారు" అనడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. మన చేతులతో మనం కట్టుకున్నదాన్ని వాళ్ల నోటికి అందివ్వడం ఎందుకు?

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పుస్తకాల పడవ నడిపారు. మా పెన్‌డ్రైవు తెనాలిలో రేపల్లె రైలెక్కి వేమూరు దాటేటప్పుడు, కొల్లూరు ఇక్కడికి దగ్గరే కదా అని గుర్తొస్తుంది. ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయి, ఇదంతా దేనికి అనేవాళ్లున్నారు. ముప్ఫైమంది అదే 4 జీబీని ముప్ఫైసార్లు ఎందుకు దింపాలో వాళ్లు చెప్పాలి. ఇంకో లాభం మేం ముందు ఊహించలేదు. మాలో ఒకరిని ఇంటర్వ్యూలో "లినక్స్ సర్వరు ఎప్పుడైనా నడిపావా?" అని అడిగితే, చెప్పుకోవడానికి ఈ 480 రూపాయల సర్వరే ఉంది. డిస్కు నిండిన కథా, సెట్టింగులు చెరిగిపోయిన కథా వరసగా చెప్పారట. సినిమా కథ చెప్పలేదట.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ, మీకు మా మనవి ఒకటే. ఏడాది అద్దె 5,760 రూపాయలు. పదిమంది కలిస్తే మనిషికి ఐదువందల డెబ్బైయారు. మేం పీజీ అయ్యాక ఎక్కడుంటామో తెలియదు, సర్వరు మాత్రం హాస్టళ్ల చేతిలో ఉండాలి. డిగ్రీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ హాస్టలుకి ఇద్దరు ముందుకొస్తే తాళం ఇస్తాం. పాస్‌వర్డు కాదు, ఎవరి ఎస్ఎస్‌హెచ్ కీ వాళ్లకే, ఎవరేం పెట్టారో తెలియాలి. మెయిలు రోజూ చూసేవాళ్లే రావాలి. పాత నోట్సు రిజిస్టర్లు ఎవరి ట్రంకు పెట్టెలోనైనా మిగిలి ఉంటే పారేయకండి, ఫొటోలు తీయడానికి మేం వస్తాం. ఈసారి రెండు నకళ్లు తీస్తాం. వచ్చే నెల అద్దె వంతు బాపట్లది. రేపల్లె పెన్‌డ్రైవు నిండిపోయింది, 64 జీబీది ఎవరి దగ్గరైనా ఉంటే వార్షికోత్సవం రోజున తీసుకురండి.