షట్టరు మీద కన్ను

మా బెళ్ళందూరులో ఇప్పుడు కొబ్బరిబోండానికీ ఫోన్‌తోనే చెల్లిస్తున్నారు. అయినా మా పనిమనిషికి మాత్రం జీతం నోట్లలోనే కావాలి. మొన్న పొద్దున్నే ఆరింటికి మా ఆవిడ ఏటీఎమ్‌కు బయలుదేరింది. "తొమ్మిది దాటాక వెళ్ళు" అన్నాను. "బ్యాంకు వాళ్ళ చాదస్తం!" అంది.

చాదస్తమే, కాదనను. 2013 నవంబరు 19న ఉదయం ఏడు గంటల వేళ, ఇదే ఊళ్ళో కార్పొరేషన్ సర్కిల్ దగ్గరి ఏటీఎమ్‌లోకి మావంటి బ్యాంకు ఉద్యోగినే ఒకావిడ వెళ్ళారు. వెనకే ఒకడు దూరి షట్టరు దించేశాడు. కత్తితో నరికి దోచుకుపోయాడు. ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు. వాడు మదనపల్లెలో దొరికేసరికి 2017 వచ్చింది.

"పిన్ నంబరు ఎవరికీ చెప్పకండి" అని ఇన్నేళ్ళుగా ఖాతాదారులకు చెబుతూనే ఉన్నాను. లోపలికి వెళ్ళేముందు వెనక్కి చూడమని ఒక్కరికైనా చెప్పలేదు. ఆ గదికి ఉన్నది ఒకటే దారి కదండీ! వెనకాల ఎవరైనా వస్తే డబ్బు తీయకుండా బయటికి వచ్చేయాలి. వాళ్ళేమనుకుంటారో అన్న మొహమాటం మనవాళ్ళకు మరీ ఎక్కువ. అవసరమైతే 112కు ఫోన్ చేయాలి.

మా ఆవిడ చివరికి తొమ్మిదిన్నరకు వెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. గుమ్మంలో నిలబెట్టి, "షట్టరు చూస్తూ ఉండండి" అంది.