రెండో సీటు ఎందుకున్నట్టు?

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మావారూ మా మరిదీ టీవీలో పాత విమాన ప్రమాదాల మీద ఏదో కార్యక్రమం చూస్తున్నారు. బ్రెజిల్‌లో దారి తప్పి అడవిలో కూలిన విమానం కథ. అయిపోయాక మా మరిది, "ఆ కెప్టెన్‌కి అంకెలు చదవడం కూడా రాదా వదినా?" అని నవ్వాడు.

"కెప్టెన్ సరే, పక్కన కూర్చున్నాయన ఏం చేస్తున్నాడు?" అన్నాను.

"కెప్టెన్ ఉండగా ఆయనేం చేస్తాడు?" అన్నారు మావారు.

నా పేచీ ఆ మాటతోనే. ఇంటికి పెద్ద ఒక్కడే ఉండాలి, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అని చిన్నప్పటినుంచీ మనకి నూరిపోసింది కూడా ఆ మాటే.

ముందు ఆ కథ చెప్తాను. 1989 సెప్టెంబరు 3. వారిగ్ అనే బ్రెజిల్ సంస్థ విమానం మరబా అనే ఊరి నుంచి బెలేం వెళ్ళాలి. గంట కూడా పట్టని ప్రయాణం. బెలేం ఉత్తరం వైపు ఉంది, పట్టవలసిన దిక్కు 27 డిగ్రీలు. కంప్యూటర్ ఇచ్చిన కాగితం మీద మాత్రం 0270 అని ఉంది. చివరి సున్నా దశాంశానిది, మధ్యలో చుక్క లేదు. కెప్టెన్ దాన్ని 270 అని చదువుకుని అదే పెట్టాడు. 270 అంటే తిన్నగా పడమర.

ఇంతవరకూ ఒక మనిషి పొరపాటు. ఎవరైనా చేస్తారు. తర్వాత జరిగింది వినండి. కో-పైలట్ విమానం చుట్టూ తిరిగి చూసుకుని వచ్చి కూర్చున్నాడు. తన వైపు పరికరంలో తనూ దిక్కు పెట్టాలి. కాగితం తీసి చూడవలసినవాడు, కెప్టెన్ వైపు ఓసారి చూసి, అక్కడున్న అంకే పెట్టేసుకున్నాడు. ఇక రెండు పరికరాలూ ఒకటే మాట చెప్పాయి. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసి, ఇద్దరిదీ ఒకటే జవాబు కాబట్టి రైటే అనుకున్నట్టు!

అది పొద్దుగుంకే వేళ. ఉత్తరానికి పోయే విమానానికి సూర్యుడు ఎడమచేతి వైపు ఉండాలి. వీళ్ళకి ఎదురుగా ఉన్నాడు. అయినా వెళ్తూనే ఉన్నారు. మూడు గంటలు దాటాక ఇంధనం అయిపోయి, చీకట్లో అమెజాన్ అడవి మీద దిగారు. 54 మందిలో 12 మంది పోయారు.

పాతకాలం ముచ్చట అనుకోకండి. 2015 మార్చి 10న ఎయిర్ఏషియా ఎక్స్ విమానం ఒకటి సిడ్నీ నుంచి కౌలాలంపూర్ బయల్దేరింది. బయల్దేరే ముందు విమానం ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పాలి. రేఖాంశం 151 డిగ్రీలని కొట్టాల్సింది 15 డిగ్రీలని కొట్టారు. 11,000 కిలోమీటర్లకు పైగా తేడా. తప్పు పట్టుకునే అవకాశాలు చాలానే వచ్చాయి, హెచ్చరికలూ వచ్చాయి, ఇద్దరూ పట్టించుకోలేదు. అదృష్టం బాగుండి మెల్‌బోర్న్‌లో క్షేమంగా దిగారు.

1977లో టెనెరిఫే విమానాశ్రయంలో అయితే అడిగినవాడు ఉన్నాడు. పొగమంచులో ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. ఎంతో పేరున్న కెప్టెన్ గట్టిగా అవునన్నాడు. ఇంజనీర్ మళ్ళీ అడగలేదు. 583 మంది చనిపోయారు.

మళ్ళీ అడగలేదు అన్నచోట నాకు గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే నేనూ అడగలేదు.

కిందటేడు అత్తయ్యగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. మందుల చీటీ మావారి చేతిలో ఉంది. ఆయన చదువుతుంటే నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. బీపీ మాత్ర దగ్గర, "ఏదీ, చీటీ ఒకసారి ఇవ్వండి" అన్నాను. "చదువుతున్నానుగా, నా మీద నమ్మకం లేదా?" అన్నారు. నోరు మూసుకుని ఒకటి అని రాసుకున్నాను. చీటీలో ఉన్నది అర. వారం రోజులు నా చేత్తోనే ఆవిడకి మాత్రలు వేశాను. రోజూ రాత్రి ఆయన "చూసే వేశావా?" అని అడిగేవారు, "ఆ, చూసే వేశాను" అనేదాన్ని. నేను చూసింది నా నోటుబుక్కు. ఎనిమిదోరోజు పొద్దున్న బాత్‌రూమ్‌కి వెళ్తూ ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయారు. మణికట్టు విరిగింది. ప్రాణం మీదికి రాలేదు, అంతే.

తప్పు చదవడం ఆయనది. దాన్ని పట్టుకోవడానికి ఉన్న మనిషిని నేను. "ఆయన చూసుకుంటార్లే" అనడాన్ని మనం వినయం అనుకుంటాం, కొందరు పాతివ్రత్యం అని కూడా అనుకుంటారు. నిజానికది పని ఎగ్గొట్టడం. బ్యాంకు కాగితాల మీద ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టేవాళ్ళం మనలో ఎంతమంది లేం?

"ప్రతిదానికీ తనిఖీలంటే అది కాపురమా, ఆడిట్ ఆఫీసా?" అని మా మరిది వెక్కిరించాడు. విమానంలో కూడా ప్రతిదీ తనిఖీ చెయ్యరు నాయనా. తప్పితే ప్రాణం మీదికొచ్చే వాటికి ఒక జాబితా ఉంటుంది. ఒకరు పైకి చదువుతారు, రెండోవారు చూసి పైకి జవాబు చెప్తారు. ఒక ట్రిప్పులో ఒకరు నడిపితే మరొకరు గమనిస్తారు, ఇంకో ట్రిప్పులో అటూఇటూ మారతారు. అంచేత అడగడం ఎవరికీ చిన్నతనం కాదు. టెనెరిఫే తర్వాతి ఏళ్ళలో, కెప్టెన్‌కి ఎదురు అడగడం కింది వాళ్ళకీ, ఆ మాట వినడం కెప్టెన్లకీ ప్రత్యేకంగా శిక్షణ పెట్టి మరీ నేర్పారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకే నేర్పించాల్సి వచ్చిందంటే, మన ఇళ్ళలో దానంతటదే వస్తుందా?

మా ఇంట్లో జాబితా చిన్నది: మందులు, డబ్బు కాగితాలు, ప్రయాణం తేదీలు. ఈ మూడింటికి నోటిమాట చెల్లదు. ఇద్దరం కాగితమే చూడాలి, విడివిడిగా చూడాలి. నేను రాసింది ఆయనా చూస్తారు, నాకూ మినహాయింపు లేదు. మొదట్లో ఆయన మొహం ముడుచుకునేది. ఇప్పుడు చీటీ నా చేతికిచ్చి, తను చదివింది చెప్పకుండా నన్ను చదవమంటారు.

అయితే అన్నిటికంటే ముందు మారింది అత్తయ్యగారు. నేను మాత్ర తీసుకెళ్తే చెయ్యి చాపే ముందు కళ్ళజోడు వెతుక్కుంటారు. "ఏదీ, చీటీ ఇలా ఇయ్యి" అంటారు. మొదటిసారి అలా అన్నప్పుడు నాకు చివుక్కుమన్న మాట నిజం. ఇచ్చాను.