‘ఉప’ కుర్చీలో ఎన్నాళ్ళు?

మార్చి 8 వస్తే చట్టసభల్లో తొలి మహిళల ఫోటోలకు దండలు వేస్తాం. ఆ ఫోటోల కింద రాసిన పదవుల పేర్లు ఒకసారి వరుసగా చదవండి.

1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. మన నెల్లూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. సభ ఆమెను ఏకగ్రీవంగా ఎన్నుకుంది, ఉపాధ్యక్షురాలిగా. 1937లో రుక్మిణీ లక్ష్మీపతి మద్రాసు శాసనసభకు డిప్యూటీ స్పీకర్. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో దళిత మహిళ టి.ఎన్. సదాలక్ష్మి, మళ్ళీ డిప్యూటీ స్పీకరే. ‘ఉప’ తీసేసి ప్రతిభా భారతిని స్పీకర్‌ని చేయడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. పోనీ, అక్కడితో దారి తెరుచుకుందా? 2007లో కుతూహలమ్మ, 2014లో తెలంగాణలో పద్మా దేవేందర్ రెడ్డి. ఇద్దరూ డిప్యూటీలే.

అర్హత లేకనా? దేవదాసీల ఇనాం భూములను గుడి సేవ షరతు నుంచి విడిపించిన 1929 చట్టం ముత్తులక్ష్మి పట్టుదల వల్ల వచ్చింది. గాంధీని అరెస్టు చేశారని 1930లో పదవిని వదిలేసిందీ ఆమే. రుక్మిణి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ నడిపారు. వీళ్ళకు తక్కువైంది సామర్థ్యం కాదు.

బొగ్గింజన్ల రోజుల్లో మా బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేరినవాడు ఏదో ఒకనాటికి డ్రైవరయ్యేవాడు. చట్టసభలో స్త్రీకి ఆ ప్రమోషన్ లేదు. ఆమె బొగ్గు వేస్తూనే ఉండాలి.

సీటు దొరకడమూ అంతే. మా కావలి నియోజకవర్గంలో 2004లో మాగుంట పార్వతమ్మ గెలిచారు. 1995లో భర్త హత్యకు గురయ్యాకే ఆమె 1996లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. స్త్రీకి టికెట్టివ్వాలంటే ఇంట్లో ఒక చావు జరగాలా? 2004 తర్వాత కావలిలో నాలుగు సాధారణ ఎన్నికలు జరిగాయి. నాలుగుసార్లూ మగవాళ్ళే.

2023లో మూడోవంతు సీట్ల చట్టం చేశారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలన్నారు. 2024 ఎన్నికలు అది లేకుండానే అయిపోయాయి. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో స్త్రీలకు 8 సీట్లు కేటాయించి, 1937లో ఎన్నికలు జరిపింది పరాయి ప్రభుత్వం. మన ప్రభుత్వానికేమో తొందర లేదు.

సీట్లు రావాలి, నిజమే. కానీ సీట్లతోనే సరిపెట్టుకుంటే ‘ఉప’ మనల్ని వదలదు. సభ నడిపే కుర్చీ, ఖజానా తాళాలు, టికెట్లు పంచే చెయ్యి, ఇవీ కావాలి. ‘తొలి మహిళ’ అన్న బిరుదు ఒకరికి ఇచ్చి, మిగతావాళ్ళను గుమ్మం బయట నిలబెట్టే మర్యాద మనకొద్దు.