జల్లెడతో సిగ్నల్ పట్టే గతి ఎందుకు?

ఈ-పంటలో పేరు ఎక్కకుంటే పంట నష్టపరిహారానికీ, మద్దతు ధర కొనుగోలుకూ తిప్పలే. ఆ నమోదుకు వేలిముద్రో ఓటీపీయో కావాలి. నల్లమల అంచున రుద్రవరం, అహోబిలం వైపు పల్లెల్లో సిగ్నల్ కోసం ఫోను పట్టుకొని మిద్దెలెక్కుతున్నాం.

మన పిల్లోళ్లు ఊరికే కూర్చోలేదు. స్టీలు జల్లెడ మధ్యలో వైఫై డాంగిల్ కట్టి, పాత డిష్ గొడుగు తిప్పి దూరపు వైఫై అందుకుంటున్నారు. మాయేం లేదు, చెదిరిపోయే తరంగాలను గొడుగు ఒక్కచోటికి చేరుస్తుంది. మధ్యలో చెట్టో గుట్టో అడ్డొస్తే అంతే సంగతులు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి, శక్తి పరిమితి దాటకుంటే, 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. బజారులో అమ్మే మొబైల్ బూస్టర్ల జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా పెడితే నేరం, పైగా పక్కోళ్ల సిగ్నలూ చెడుతుంది.

తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆస్పత్రి ఇదే వైఫైని ఎత్తైన స్తంభాల మీది యాంటెన్నాలతో కిలోమీటర్ల దూరంలోని పల్లె కేంద్రాలకు పంపి, వీడియోలో రోగులను చూసింది. కంటికి కుదిరింది పంటకు కుదరదా? ఫైబరు ఉన్నచోటు నుంచి ప్రతి రైతు సేవా కేంద్రానికీ ప్రభుత్వమే అలాంటి లింకు వేయాలి. అందాకా సిగ్నల్ లేని ఊళ్లకు గడువు పెంచాలి, కాగితం మీద రాసిచ్చినా తీసుకోవాలి.

మీ ఊరి పేరు, సిగ్నల్ అందని చేల సర్వే నంబర్లు సంఘానికి రాసి పంపండి. అన్నీ కలిపి అర్జీ పెడదాం.